గేటు దగ్గరి చెప్పుల జత

చాచా పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నా చెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది. పొద్దున పదకొండవుతోంది. ఇనుప జాలీ అవతల మోటారు సిద్ధంగా ఉంది, విద్యార్థులు మీటర్ల ముందు కూర్చున్నారు, "కరెంట్ వస్తోంది" అని కేక వేయడానికి నేను గొంతు సవరించుకుంటున్నాను. ఫోన్‌లో చాచా కూతురు. "మేడమ్, మా అబ్బా పోయిండు. దవాఖాన నుంచి ఇంటికి తీసుకొస్తానం. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతరు" అంది. ఆ అమ్మాయి ఏడవలేదు. నేనూ ఏడవలేదు. వస్తున్నానమ్మా అని మాత్రం అన్నాను.

ఫోన్ పక్కన పెట్టి, జాలీ గేటు దాకా మళ్లీ నడిచి, కింద చూశాను. ఎవరి చెప్పులూ లేవు. లోపల ఎవరూ లేరన్నమాట. మా నియమం ప్రకారం స్విచ్ వేయొచ్చు. వేయబుద్ధి కాలేదు. ఇవాళ్టికి ఆపుదామని పిల్లలకు చెప్పి సంచీ తీసుకుని బయటికొచ్చాను.

చాచా మీలో చాలామందికి తెలియదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. మా ఇంజినీరింగ్ కాలేజీ హై వోల్టేజ్ ల్యాబులో మెకానిక్‌గా చేరి, అక్కడే రిటైరై, మళ్లీ పిలిస్తే అక్కడికే వచ్చాడు. ప్రిన్సిపాల్ నుంచి క్యాంటీన్ వాళ్ల దాకా అందరికీ ఆయన చాచానే. నాకు మాత్రం అంతకంటే ఎక్కువ. రెండు నెలల కిందట, దవాఖానలో నా చెయ్యి పట్టుకుని ఆయన ఒక పని అప్పగించాడు. ఒక మాట రాయమన్నాడు. అది ఆయన గురించి మంచి మాట కాదు. మనిషి పోయాక ఆయన మీద ఆ మాట రాయడానికి నాకు మనసొప్పడం లేదు. రాయకపోతే ఆయనకిచ్చిన మాట తప్పినదాన్నవుతాను. ఈ రెంటి మధ్యా నలుగుతూనే ఇది మొదలుపెట్టాను. ఎక్కడైనా తడబడితే క్షమించండి.

ఆయన బక్కపలచని మనిషి. ఖాకీ చొక్కాకు రెండు జేబులు. ఒకదాంట్లో టెస్టరు, ఒకదాంట్లో పెన్సిలు ముక్క. కాళ్లకు నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఎడమ కాలి పట్టీ ఎప్పుడో తెగితే రాగి తీగ చుట్టి బిగించాడు, ఆ తర్వాత దాన్ని మార్చనేలేదు. చాయ్ ఫ్లాస్కు మూతలో పోసుకుని తాగేవాడు. ఉస్మానియా బిస్కెట్ విరిచి సగం ఎదుటివాళ్లకు ఇవ్వందే తినేవాడు కాదు. ఏటా వానలు మొదలవగానే ఒక్క రోజు సెలవు పెట్టి ఏటూరునాగారం బస్సెక్కేవాడు. ఎందుకని అడిగితే "పనుండె" అనేవాడు. చుట్టాలున్నారేమో అనుకునేవాళ్లం.

ఇక నా సంగతి. మాది వరంగల్ మట్టెవాడలో బట్టల దుకాణం. తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుని చీరలు చూసే పాతకాలపు దుకాణం. వచ్చినవాళ్లంతా చెప్పులు మెట్ల దగ్గర విడిచేవారు. పెద్ద బేరం వస్తోందంటే ఆ చెప్పులన్నీ తీసి, గోడవారగా సర్ది, వాకిలి ఖాళీ చేయడం చిన్నప్పటి నుంచీ నా పని. ఆ పని ఎంత వేగంగా చేస్తే నాన్న అంత మెచ్చుకునేవాడు. నా తొందర అక్కడే పుట్టింది. చదువులో తొందర, మాటలో తొందర, కోపంలో తొందర. అలాంటి నేను పరిశోధన కోసం ల్యాబులో చేరితే, గురువుగా దొరికింది రోజుకు వందసార్లు "జర ఆగు బిడ్డా" అనే మనిషి. ఆయన నడక చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మేం అప్పుడు చేస్తున్న పని గురించి కొంచెం చెప్పాలి. సముద్రం అడుగున గ్యాసు బావులుంటాయి. కొన్నేళ్లకు బావిలో ఒత్తిడి తగ్గిపోతే గ్యాసు తనంతట తాను ఒడ్డుకు రాదు. నెట్టడానికి కంప్రెసర్ కావాలి. ఆ కంప్రెసర్‌ను నేరుగా సముద్రం అడుగునే దింపాలని ఒక కంపెనీ ఆలోచన. దాని మోటారుకు కరెంటు ఒడ్డు నుంచి వంద కిలోమీటర్లకు పైగా కేబుల్లో పోవాలి. అంత పొడవైన కేబుల్ మాట వినదు. కరెంటును కొంత తన కడుపులోనే దాచుకుంటుంది. మనం పంపిన వోల్టేజీ అవతలి కొసన పెరిగిపోవచ్చు, మోటారు కదిలేటప్పుడు ఒక్కసారిగా పడిపోవచ్చు. కొన్ని వేగాల దగ్గరైతే కేబులూ, మోటారును నడిపే డ్రైవూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని ఇన్సులేషన్ కాలిపోయే దాకా పోతాయి. అడుగున చెడిపోతే పోయి బాగుచేసే మెకానిక్ ఉండడు. అందుకని దింపకముందే నేల మీద చిన్న నమూనా కట్టి అన్నీ పరీక్షించాలి. ఆ నమూనా కట్టే పని మా ల్యాబుకు వచ్చింది. వరంగల్లో సముద్రమేంటని మా నాన్న నవ్వాడు.

వంద కిలోమీటర్ల కేబుల్ ల్యాబులో పట్టదు కాబట్టి, తీగచుట్టలూ కెపాసిటర్లూ నింపిన పెట్టెలు వరుసగా కలిపాం. ఒక్కో పెట్టె కొన్ని కిలోమీటర్ల కేబుల్‌కు సమానం. జాలీ లోపల ర్యాకుల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా అవే. ఒక కొసన డ్రైవు, ఇంకో కొసన మోటారు. నేను పెట్టెలకు నంబర్లు వేయబోతే చాచా వద్దన్నాడు. హన్మకొండ నుంచి ఏటూరునాగారం కూడా అంతే దూరం కదా అని, సుద్దముక్కతో ఒక్కో పెట్టె మీద ఒక్కో ఊరి పేరు రాశాడు. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి, చివరి పెట్టె ఏటూరునాగారం. మొదట నాకు చిరాకేసింది, వారంలో అలవాటైపోయింది. "ములుగు కాడ వేడెక్కుతాంది", "పస్రా దాటినంక ఓల్టేజి పెరుగుతాంది" అని ఆయన అంటే ఏ పెట్టెకు పోవాలో వెతుక్కునే పనే లేదు. తాడ్వాయికీ ఏటూరునాగారానికీ మధ్య ఒక పెట్టె మీద మాత్రం ఏమీ రాయలేదు. ఎందుకని అడిగితే "ఆడ ఊరు లేదు" అన్నాడు.

ఆ పెట్టెలతో భయం ఏమిటంటే, స్విచ్ ఆపినా వాటిలో కరెంటు మిగిలే ఉంటుంది. పొడవాటి కర్ర చివర రాగి కొక్కెం, దానికి భూమిలోకి పోయే తీగ. మేం రాడ్ అంటాం. అది ప్రతి పెట్టెకూ తాకిస్తేగానీ లోపల చెయ్యి పెట్టకూడదు. "పోయిందంటే నమ్మకు, తాకించి చూడు" అనేవాడు చాచా. లోపలికి పోయే మనిషి ఆ రాడ్‌ను మొదటి పెట్టెకు తగిలించి ఉంచాలి, బయటికొచ్చేటప్పుడు తీసి గేటు పక్క మేకుకు వేలాడదీయాలి. ఇది ఏ ల్యాబులోనైనా ఉండే పద్ధతి.

చెప్పుల పద్ధతి మాత్రం చాచాది. లోపల మందపాటి రబ్బరు బూట్లు వేసుకోవాలి కాబట్టి ఎవరి చెప్పులు వాళ్లు గేటు ముందే విడవాలి. గేటుకు అడ్డంగా, అందరికీ కనబడేలా, మొహం బయటి వైపు పెట్టి. వాటిని ఎవరి కాళ్లతో వాళ్లే తొడుక్కోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. స్విచ్ వేసేవాళ్లు గేటు దాకా నడిచొచ్చి చూసుకోవాలి, మూడుసార్లు కేక వేయాలి, ఆగాలి, అప్పుడు వేయాలి. గేటు స్ప్రింగుతో దానంతట అదే మూసుకుంటుంది, లోపల మనిషి ఉన్నాడో లేడో దాన్ని చూసి చెప్పలేం. చెప్పులున్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే. ఇన్ని మీటర్లూ లైట్లూ ఉండగా ఈ చెప్పుల గోలేమిటని నేను గొణుక్కునేదాన్ని.

కంపెనీ వాళ్లు చూడవచ్చే రోజు దగ్గరపడింది. వాళ్ల ముందు మోటారును ఆగిన స్థితి నుంచి పూర్తి వేగానికి తీసుకెళ్లి, అలాగే నడిపి చూపించాలి. మధ్యలో ఒక వేగం దగ్గర కేబుల్ రెచ్చిపోతోందని మాకు తెలుసు. అంతకు ముందు అక్కడే ఒక కెపాసిటర్ పగిలి ల్యాబంతా పొగైంది. పరీక్ష తప్పితే పని ఇంకో చోటికి పోతుంది, నా మూడేళ్ల పరిశోధన అక్కడికి ఆగిపోతుంది.

వాళ్లు రావాల్సిన రోజు పొద్దున్నే చాచా చివరి పెట్టె దగ్గర ఒక నట్టు వదులుగా ఉందేమో చూసొస్తానని లోపలికి పోయాడు. నాతో చెప్పే పోయాడు. నేను కంప్యూటర్ ముందు తలకాయ ఎత్తకుండా ఊ కొట్టాను. పావుగంటకు కంపెనీ వాళ్లు అనుకున్న సమయం కంటే ముందే వచ్చేశారు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే నా కళ్లు గేటు మీద పడ్డాయి. గేటుకు అడ్డంగా, రాగి తీగ చుట్టిన పట్టీతో, అరిగిపోయిన రబ్బరు చెప్పులు. పెద్ద బేరం వచ్చేసింది, వాకిట్లో చెప్పులున్నాయి. ఇంకేమీ ఆలోచించలేదు. చటుక్కున వంగి, జత తీసి, తలుపు వెనక అరలో పెట్టేశాను. చేసిన పనేంటో నా బుర్రకు ఎక్కనే లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

వాళ్లు ముగ్గురు. పెద్దాయన తెల్లజుట్టు ఇంజినీరు, తక్కువ మాట్లాడే మనిషి. మొదలుపెట్టండి అన్నాడు. నేను గేటు వైపు చూశాను. చెప్పులు లేవు. రాడ్ మేకుకు ఉందో లేదో చూడలేదు. డ్రైవు ఫ్యాన్లు హోరుమంటున్నాయి. కూర్చున్న చోటి నుంచే ఒక్క కేక వేసి స్విచ్ వేశాను.

ఢబ్ మని శబ్దం. గోడ మీది బ్రేకర్ పడి కరెంటు దానంతట అదే ఆగిపోయింది. మీటర్లన్నీ సున్నాకు వచ్చాయి. ఫ్యాన్ల హోరు ఆగాక ర్యాకుల వెనక నుంచి రబ్బరు బూట్ల చప్పుడు వినిపించింది. ఏటూరునాగారం వైపు నుంచి మెల్లగా నడుస్తూ, చేతిలో స్పానర్‌తో చాచా వచ్చాడు. మొదటి పెట్టె దగ్గర ఆగి, దానికి తగిలించి ఉన్న రాడ్ వంక చూశాడు. కొక్కెం కొస నల్లబడి ఉంది. నేను పంపిన కరెంటంతా ఆ రాడ్ గుండా భూమిలోకి పోయింది. ఆ రాడ్ లేకపోతే చాచా లేడు.

ఏమైందని తెల్లజుట్టాయన అడిగితే నా నోటి నుంచి వచ్చిన మాట, "ఎర్త్ ఫాల్ట్ సార్, చూస్తాం." అది అబద్ధం కూడా కాదు, కరెంటు భూమిలోకి పోయిన మాట నిజమే. అందుకే అంత సులువుగా వచ్చింది. వాళ్లు చాయ్ తాగడానికి క్యాంటీన్‌కు వెళ్లారు.

చాచా గేటు బయటికొచ్చి చెప్పుల కోసం చూశాడు. తలుపు వెనక అర వైపు చూశాడు. అంతా ఆయనకు అర్థమైంది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. బూట్లు విప్పి వట్టి కాళ్లతోనే నడిచొచ్చి, నా పక్కన కూర్చుని, లాగ్ బుక్కు నా ముందుకు జరిపాడు. నేను రాశాను. మొదలుపెట్టగానే ఎర్త్ ఫాల్ట్ వల్ల బ్రేకర్ పడిపోయింది అని. ఆయన చదివి, బుక్కు మళ్లీ నా వైపు తిప్పాడు.

"గది మిషన్ చెప్పే మాట బిడ్డా. ఇయ్యాల ఇంటికి పోయినంక నా బిడ్డకు నేనేం చెప్తనో, గది రాయి."

వాళ్లు చూస్తే అంతా పోతుంది చాచా అన్నాను. ఏడుస్తున్నాను. ఆయన ఊరుకోమనలేదు. పెన్సిలు ముక్క జేబులోంచి తీసి నా చేతిలో పెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి రాశాను. లోపల మనిషి ఉండగా స్విచ్ వేశాను, గేటు దగ్గరి చెప్పులు నేనే తీశాను, రాడ్ చూడలేదు, మూడు కేకలు వేయలేదు అని రాసి సంతకం పెట్టాను. చాచా చదివి తలూపాడు. చేయి నా తల మీద పెట్టి తీశాడు, అంతే.

ఆ బుక్కు నేనే పట్టుకుపోయి క్యాంటీన్‌లో తెల్లజుట్టాయన ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. లోపల ఉన్నది ఎవరని అడిగాడు. లేచి, ల్యాబుకు వచ్చి, చాచాకు ఏమైనా తగిలిందా అని కనుక్కున్నాడు. ఆ తర్వాత రేపు పది గంటలకు వస్తామని చెప్పి వెళ్లిపోయాడు. పరీక్ష చూడటానికో, పని తీసేయడానికో అర్థం కాలేదు.

అందరూ వెళ్లాక చాచా ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి నాకిచ్చాడు. అప్పుడు చెప్పాడు, ఇంతవరకూ నేను ఎక్కడా చెప్పని సంగతి. ఆయన మాటల్లోనే రాస్తున్నాను, నా మాటలు కలపడం నాకిష్టం లేదు.

"ల్యాబుకు రాకముందు నేను కరెంట్ లైన్ మీద పనిచేసిన. తాడ్వాయి దాటినంక అడవిల. నా దోస్తు స్తంభం ఎక్కిండు. చెప్పులు కింద ఇడిచిండు. వాన షురూ అయింది. తడుస్తయి గదా అని నేను గా చెప్పులు తీసి చెట్టు కింద పెట్టిన. మేస్త్రీ ఒచ్చి చూసిండు. చెప్పులు లేవ్. అందరు దిగిన్రనుకొని లైన్ల కరెంట్ ఇయ్యుమన్నడు. వాడు పైననే ఉండె."

ఆగాడు. ఫ్లాస్కు పక్కకు జరిపాడు.

"చెప్పులు ఎవలు తీసిన్రని ఎవ్వలు అడుగలె. నేను చెప్పలె. మేస్త్రీ నౌకరి పోయింది. గప్పటి సంది ఏటేట దోస్తు ఇంటికి పోత. చెప్పాల్నని పోత, చాయ్ తాగి ఒస్త. గా బరువు నీకొద్దు బిడ్డా, గందుకే రాయుమన్న."

ఖాళీ పెట్టె మీద ఊరి పేరు ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. చాయ్ చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఆయన మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. పని పోయిన ఆ మేస్త్రీ గుర్తొచ్చి వచ్చింది. కాసేపటికి, అదే పని చేసిన నా చేతులు చూసుకుని ఆ కోపం నా మీదికే మళ్లింది. ఆయన్ను ప్రేమించడం మాత్రం మానలేకపోయాను.

మర్నాడు పదింటికి వాళ్లు వచ్చారు. తెల్లజుట్టాయన గేటు దగ్గర ఆగి, మెరుస్తున్న తన బూట్లు విప్పి, చాచా చెప్పుల పక్కన, మొహం బయటి వైపు పెట్టి విడిచి చాచా వెంట లోపలికి వెళ్లాడు. ఒక్కో పెట్టె చూసొచ్చి, తన బూట్లు తానే తొడుక్కున్నాడు. చాచా రాడ్ తెచ్చి మేకుకు తగిలించి తన చెప్పులు తొడుక్కున్నాడు. నేను గేటు దాకా నడిచాను, చూశాను, లోపల ఎవరూ లేరని నోటితో చెప్పాను, మూడుసార్లు కేక వేశాను. చాచా గొంతులోనే బిస్మిల్లా అనుకున్నాడు.

మోటారు కదిలే క్షణంలో వోల్టేజీ జారింది, తట్టుకుంది. వేగం పెంచుకుంటూ పోయాను. ఆ పాడు వేగం దగ్గరికి వస్తుంటే పెట్టెల్లోంచి సన్నగా చిటపట మొదలైంది. కెపాసిటర్ పగిలిన రోజు విన్న చప్పుడే. చివరి మీటరు ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. నా చెయ్యి వెనక్కి తగ్గించబోయింది. అన్నేళ్లలో మొదటిసారి చాచా జర ఆగు అనలేదు. "గిప్పుడు ఆగకు. ఆడ నిలబడితే కాలుతది. దాటిపో" అన్నాడు. నాబ్ తిప్పేశాను. చిటపట పెరిగి, పెరిగి, తెగినట్టు ఆగిపోయింది. ముల్లు వెనక్కి వచ్చింది. మోటారు పూర్తి వేగం అందుకుని ఒకే శ్రుతిలో నడవసాగింది. సాయంత్రం దాకా అలాగే నడిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాచా బిస్కెట్ విరిచి సగం తెల్లజుట్టాయనకు ఇచ్చాడు.

ఆ ఏడు వానలు మొదలవగానే చాచా ఎప్పటిలాగే ఏటూరునాగారం పోయాడు. మర్నాడు ల్యాబుకు వచ్చి పని చేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "చెప్పిన బిడ్డా, దోస్తు పెండ్లాంకు. ఏమనలె. ఈసారి చాయ్ పోయలె." మరుసటి ఏడు కూడా పోయాడు. ఆమె చాయ్ పోసిందో లేదో నేను అడగలేదు.

మా నాన్నకు జరిగిందేదీ ఆయన చెప్పలేదు. దుకాణానికి పైజామా బట్ట కోసం వచ్చినప్పుడు నాన్న, మా అమ్మాయి పని ఎట్లా చేస్తోందని అడిగితే, మంచిగ రాస్తది సేటు అన్నాడట. నాన్నకు అది మెప్పో కాదో తెలియలేదు. నాకు మాత్రం పరిశోధన పట్టా కంటే ఎక్కువైంది.

చాచా ల్యాబు మానేసిన రోజు విద్యార్థులు కొత్త తోలుచెప్పులు కొని, పట్టుబట్టి ఆయన కాళ్లకు తొడిగారు. సిగ్గుపడుతూ వాటితోనే ఇంటికి పోయాడు. పాత రబ్బరు జత తలుపు వెనక అరలో ఉండిపోయింది. ఉండనియ్యి, మల్ల ఒస్త గదా అన్నాడు. రాలేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయి.

దవాఖానలో చూడబోయినప్పుడు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరుపుకుని మాట్లాడాడు. ల్యాబు నా చేతికి వచ్చిందని సంతోషపడ్డాడు. పిల్లలు గేటు కాడ చూస్తాన్రా అని అడిగాడు. చూస్తున్నారు చాచా అన్నాను. అప్పుడే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాది గూడ రాయి బిడ్డా. గా ఖాళీ పెట్టె మీద నా దోస్తు పేరు రాయి. చెప్పులు తీసింది ఎవలో పిల్లలకు చెప్పు. మేస్త్రీ కాదని చెప్పు."

సరేనన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం మట్టెవాడలో వాళ్లింటికి వెళ్లేసరికి వాకిలి నిండా చెప్పులు. గల్లీ దాకా ఉన్నాయి. ఎన్ని జతలున్నాయో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను, అలవాటు అలాంటిది. లోపల ఆడవాళ్ల మధ్య, గోడకు ఆనుకుని, బస్సులో వచ్చిన అలసటతో ఒక ముసలామె కూర్చుని ఉంది. చాచా కూతురు నా చెవిలో ఏటూరునాగారం నుంచి ఒచ్చింది అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. చాచా అప్పగించిన పని చెప్పాను. ఆమె చాచా ఉన్న గది వైపు చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను. వద్దంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఆమె తన భర్త పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. తప్పు పడకుండా ఇంకోసారి చెప్పింది. "మంచిగ కనవడేటట్టు రాయి" అంది.

చాచాను తీసుకుపోయాక వాకిట్లో చెప్పులు తగ్గిపోయాయి. ఆయన కూతురు గుమ్మంలో నిలబడి, అబ్బా రబ్బరు చెప్పులు ఇంట్ల దొర్కలె మేడమ్ అంది. మా దగ్గరే ఉన్నాయమ్మా అన్నాను.

మర్నాడు ల్యాబులో అడుగు పెట్టేసరికి ఆ జత జాలీ గేటు ముందు ఉంది. నీలం పట్టీలు, ఎడమదానికి రాగి తీగ. ఎవరు పెట్టారో అడగలేదు. విద్యార్థులందరూ గోడవారగా నిలబడి ఉన్నారు. తొందరలో పెట్టారేమో, చెప్పుల మొహం లోపలి వైపు ఉంది. వంగి, ఇంకొకరి చెప్పులు ముట్టుకోకూడదన్న నియమం తప్పి, వాటిని బయటికి తిప్పి పెట్టాను.

పిల్లలకు అంతా చెప్పాను. చెట్టు కింద పెట్టిన చెప్పుల సంగతి, మేస్త్రీ సంగతి. లాగ్ బుక్కులో నా పేజీ తెరిచి, దాని కింద చాచా మాట రాశాను. ఆ తర్వాత నా చెప్పులు ఆయన జత పక్కన విడిచి, బూట్లు తొడుక్కుని, రాడ్ మొదటి పెట్టెకు తగిలించి, ఆత్మకూరు, ములుగు, పస్రా, తాడ్వాయి దాటుకుంటూ ఖాళీ పెట్టె దగ్గరికి పోయాను. సుద్దతో కాదు, తెల్ల రంగుతో, దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాలతో ఆ పేరు రాశాను.

బయటికొచ్చి నా చెప్పులు నేను తొడుక్కున్నాను. రాడ్ మేకుకు తగిలించాను. మీటర్ల ముందు కూర్చున్న అమ్మాయి మెయిన్ స్విచ్ వంక చూసింది, గేటు వంక చూసింది, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ఒక జత ఇంకా అక్కడే ఉంది. ఆ రోజు మేం కరెంటు ఇవ్వలేదు.